పెద్దమ్మను అడిగాను, అత్తను అడగలేదు

మా పెద్దమ్మ పోయింది. పోయిన సోమవారం పొద్దున నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతుండగా ఆమె కొడుకు, మా అన్న, ఫోన్ చేశాడు. "అమ్మ లేదు పాపా. కాఫీ ఇద్దామని పోతే పలకలేదు" అన్నాడు. వచ్చేస్తున్నానని చెప్పి, ఏం చేయాలో తోచక, క్యారియర్‌లో సర్దిన అన్నం మళ్లీ గిన్నెలోకి వంచాను. తిరుపతి నుంచి పెద్దమ్మ ఊరికి పుత్తూరు మీదుగా రెండు బస్సులు మారాలి. రెండు బస్సుల్లోనూ నాకు ఏడుపు రాలేదు. భయం మాత్రం వేసింది. ఆ ఊళ్లో నేను మొహం చూపించలేని మనిషి ఒకరున్నారు.

నా నవల చదివిన మీలో చాలామందికి పెద్దమ్మ తెలుసు. పేరు మార్చాను, ఊరు మార్చాను, ఒంటి రంగు కూడా మార్చాను. అయినా కార్వేటినగరం చుట్టుపక్కల వాళ్లు ఆమెను ఒక్క పేజీలో పట్టేశారు. పల్లెటూళ్లో, మొగుళ్ల చాటున, ఇద్దరు ఆడవాళ్లు ఒకరినొకరు ఎలా కాచుకున్నారో బాగా రాశావని మీరు ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. నేను పొంగిపోయాను. ఆ పుస్తకం వల్లే ఆ స్నేహం ఆగిపోయిందన్న సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. అది చెప్పకుండా పెద్దమ్మను తలుచుకోవడం కుదరదు కాబట్టి ఇప్పుడు చెప్తున్నాను.

ఆమె మా అమ్మకు అక్క. మా ఊళ్లో హైస్కూలు లేక, ఆరు నుంచి పది దాకా ఆమె ఇంట్లో ఉండి చదువుకున్నాను. ఆమె గ్లాసెడు కాఫీ ఎప్పుడూ పూర్తిగా తాగింది లేదు. సగం తాగి, మిగతా సగం మూత పెట్టి పొయ్యి పక్కన ఉంచేది, ఎవరైనా వస్తారని. ఎవరూ రాకపోతే ఆ చల్లారిన కాఫీ నాకు. ఇప్పటికీ నాకు వేడి కాఫీ సయించదు. మా ఇంట్లో అందరూ నవ్వుతారు.

పెద్దనాయన ముందు నడిస్తే పది అడుగుల వెనక ఈమె నడిచేది. సంతకైనా అంతే, పెళ్లికైనా అంతే. నేను పదో తరగతికి వచ్చి కాస్త తెలివి మీరాక, పక్కన నడవకూడదా అని అడిగాను. "వెనకాల నడిస్తే ఆయన యాడికి పోతాండాడో నాకు కనపడతాది. ముందర పొయ్యే వోడికి ఏం కనపడతాది పాపా?" అంది. ఆ జవాబు నాకు తెగ నచ్చింది, నవలలో పెట్టాను. సభల్లో నేను ఆ మాట చెప్పినప్పుడల్లా చప్పట్లు కొట్టేవాళ్లు. పెద్దమ్మ మాత్రం ఆఖరి వరకూ వెనకే నడిచింది.

ఆమె నేస్తం ఎగువ వీధి అత్త. వరసకు నాకు అత్త, అంతే. ఇద్దరూ ఏడాది తేడాతో కోడళ్లుగా ఆ ఊరికి వచ్చారు. మొదటిసారి కలిసింది చెనక్కాయ చేలో. కూలికి వచ్చిన ఆడవాళ్లంతా తలా ఒక సాలు పట్టుకుని చెట్లు పెరుకుతూ పోతుంటే, ఏడో నెల కడుపుతో ఉన్న అత్త వెనకబడిపోయిందట. పెద్దమ్మ తన సాలూ, ఆమె సాలు సగమూ పెరుకుతూ, ఇద్దరూ ఒకేసారి గట్టు చేరేటట్టు చూసింది. ఎవరూ ఏమీ అనకూడదని గట్టు దగ్గర ఒక అడుగు ఆగి మరీ అత్తను ముందు ఎక్కించిందట. ఇది నాకు అత్త చెప్పింది. పెద్దమ్మను అడిగితే అట్లాంటిదేమీ జరగలేదనేది.

ఇక అసలు సంగతికి వస్తాను. అత్తకు వరసగా నలుగురు ఆడపిల్లలు. నాలుగో కాన్పులో మనిషి దక్కడమే కష్టమైంది. ఇంకో కాన్పు అయితే బతకదని మంత్రసాని చెప్పింది, నర్సు చెప్పింది. ఆమె మొగుడికి, అంటే మామకు, మాత్రం మగపిల్లవాడు కావాలి. ఆపరేషన్ మాట ఎత్తితే గడప దిగమన్నాడు. అప్పుడు పెద్దమ్మ ఒక ఎత్తు వేసింది. తిరుత్తణి గుడికి ఆడికృత్తిక పండక్కి పోయి, కొడుకు కోసం మొక్కుకుని వస్తామని మామకు చెప్పింది. ఆయన సంతోషంగా పంపించాడు, బస్సు ఎక్కించి మరీ పోయాడు. ఇద్దరూ తిరుత్తణికి పోలేదు. టౌన్లో పెద్దాసుపత్రికి పోయారు. మొగుడు ఏడని నర్సు అడిగితే, లారీ తోలతాడమ్మా, మద్రాసు పోయినాడు అని చెప్పింది మా పెద్దమ్మ. ఆమెకు లారీకి ఎన్ని చక్రాలుంటాయో కూడా తెలియదు.

ఆపరేషన్ అయింది. కుట్లు విప్పేదాకా వారం రోజులు ఎక్కడ దాచాలి? పెద్దమ్మ పుట్టిల్లు దగ్గర్లోనే ఉండేది. అక్కడికి తీసుకుపోయి, దారిలో అత్తకు అమ్మవారు పోసిందని కబురు పంపించింది. వాకిటికి వేపాకు కట్టించింది. అమ్మవారు పోసిన ఇంటికి మా వైపు ఎవరూ పోరు. మొగుడైనా గడప దాటడు. మామ రెండో రోజు వచ్చాడు. వీధిలోనే నిలబడి, ఆ వేపాకు తోరణానికి దండం పెట్టుకుని, తెచ్చిన రెండు లేత టెంకాయలు వాకిట్లో పెట్టి వెళ్లిపోయాడు. లోపల అత్త నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. పెద్దమ్మ ఆ టెంకాయలు కొట్టి, నీళ్లు ఆమెకు తాగించింది.

పెళ్లాం బతికితే అంబలి కుండ మోస్తానని మామ ఆ రోజే గంగమ్మకు మొక్కుకున్నాడు. అంబలి కుండ మోసేది ఆడవాళ్లు. ఆయన మాత్రం ఏటా జాతరకు పసుపు గుడ్డ కట్టి, కుండ నెత్తిన పెట్టుకుని, ఊరంతా తిరిగి పోశాడు. ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు, ముప్పై ఏళ్లకు పైగా. మళ్లీ కడుపు రాకపోతే, అమ్మవారి వేడికి గర్భం ఎండిపోయిందిలే అనుకున్నాడు. ఆ తల్లి తాకిన మనిషని, రెండో పెళ్లి ఊసు ఎత్తలేదు. ఆ అబద్ధం అత్తను అన్ని రకాలుగా కాపాడింది.

ఇదంతా పెద్దమ్మ నాకు చింతపండు గింజలు తీస్తూ చెప్పింది. మధ్యాహ్నం పూట, వసారాలో, నవ్వుకుంటూ. "అబద్ధం చెప్పల్లంటే దేవుడి పేరు మింద చెప్పల్ల పాపా. ఆయనైతే ఎవురికీ చెప్పడు" అంది. ఇది రాసుకోవచ్చా పెద్దమ్మా అని అడిగాను. "రాసుకో, నాకేంది" అంది. నేను రాసుకున్నాను. నలుగురు ఆడపిల్లల్ని ముగ్గురు చేశాను. తిరుత్తణిని ఇంకో గుడి చేశాను. వేపాకు మాత్రం మార్చలేదు. అంత మంచి ఘట్టాన్ని మార్చడానికి చేయి రాలేదు. ఆ వాక్యాలు రాసిన రోజు నేను ఎంత గర్వపడ్డానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

మూడేళ్ల కిందట తిరుపతిలో పుస్తకావిష్కరణ. ఊరి నుంచి మగవాళ్లంతా వ్యాను మాట్లాడుకుని వచ్చారు. మా పిల్ల పుస్తకం రాసిందని వాళ్లకు గొప్ప. పెద్దనాయన ముందు వరసలో శాలువా కప్పుకుని కూర్చున్నాడు, ఆయన పక్కన మామ. పెద్దమ్మ రాలేదు, ఆవు ఈనేటట్టు ఉందని. అత్తను ఎవరూ రమ్మనలేదు. అధ్యక్షులు మైకు పట్టుకుని, నవలలో తనకు బాగా నచ్చిన ఘట్టం చెప్తానని మొదలుపెట్టారు. కొడుకు కోసం మొక్కుకోమని పంపిస్తే ఆపరేషన్ చేయించుకు వచ్చిందట, అమ్మవారు పోసిందని వేపాకు కట్టిందట, ఆ అమాయకుడు వీధిలో నిలబడి దండం పెట్టి పోయాడట. హాలంతా నవ్వులు. మామ మొదట అందరితో పాటు నవ్వాడు. టెంకాయల దగ్గర నవ్వు ఆగింది. నేను వేదిక మీద పూలదండ వేసుకుని కూర్చుని, ఆయన మొహంలోకి చూస్తూనే ఉన్నాను. అధ్యక్షుల్ని ఆపలేకపోయాను. ఏమని ఆపను? ఆయన లేచి, తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, కుర్చీల మధ్య నుంచి మెల్లగా బయటికి వెళ్లిపోయాడు.

ఆయన పెళ్లాన్ని కొట్టలేదు, తిట్టలేదు. అట్లా చేసి ఉంటే ఊరు కల్పించుకునేది. ఒక్క మాట అన్నాడట. "నువ్వు ఆ ఇంటి గడప తొక్కినా, ఆమెతో మాట్లాడినా, నీ బిడ్డ ఈ గడప దిగుతాది." అత్త ఆఖరి కూతురిని మొగుడు వదిలేశాడు. కూతురూ మనవరాలూ ఆ ఇంట్లోనే ఉంటారు. వాళ్లకు ఇంకో దిక్కు లేదు. పెద్దనాయన కూడా పెద్దమ్మను ఎగువ వీధి ఇంటికి పోవద్దన్నాడు. ఇద్దరు మగవాళ్లూ మాత్రం అంతకు ముందు కన్నా ఎక్కువగా కలిసి తిరిగారు. పొద్దున పాలు పోయడానికి పాల కేంద్రానికి అత్త పోయేది, పెద్దమ్మ అక్కడ కలిసేది; ఆ పని కూడా మామే చేయడం మొదలుపెట్టాడు.

నేను కాళ్లా వేళ్లా పడడానికి వెళ్లాను. మామ ఇంట్లోకి రమ్మన్నాడు, మజ్జిగ ఇప్పించాడు, ఆ మాట ఎత్తగానే లేచి చేనికి పోయాడు. మూడుసార్లు పోయాను, మూడుసార్లూ మజ్జిగ తాగి వచ్చాను. పెద్దనాయనను అడిగితే, మగవాడి పరువు నీకేం తెలుసు అన్నాడు. పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. ఒకే ఒక్కసారి, చేతిలో పని ఆపకుండా, నా వైపు చూడకుండా అంది. "రాసేటప్పుడు నన్నడిగితివి. దాన్నడిగింటే బాగుండు పాపా. కడుపు దానిది కదా." ఆ రోజు నుంచి నేను ఇంకో పుస్తకం మొదలుపెట్టలేదు. ఎవరైనా అడిగితే బడి పని ఎక్కువైందని చెప్తాను.

మాట్లాడొద్దన్నారు కాబట్టి పెద్దమ్మ అత్తతో మాట్లాడలేదు. మేకతో మాట్లాడింది. సాయంత్రం మేతకు తోలుకుపోయే నెపంతో ఎగువ వీధి గుండా పోతూ, అత్త ఇంటి ముందు ఆ మేకను గట్టిగా తిట్టేది. మోకాళ్ల నొప్పి తగ్గిందా లేదా, తిండి తినకుండా యాల అట్ల ఎండిపోతాండావు, సుగరు మాత్ర ఏసుకుంటివా అని. మేకకు చక్కెర జబ్బేమిటని వీధి వీధంతా నవ్వుకునేది. లోపలి నుంచి గిన్నె చప్పుడు ఒకసారి వినిపిస్తే బాగున్నానని, రెండుసార్లు వినిపిస్తే బాగాలేదని. మామకు తెలియకుండా ఉంటుందా? తెలిసే ఉంటుంది. అంతవరకు చూసీ చూడనట్టు ఊరుకున్నాడని అనుకుంటాను.

రెండు నెలల కిందట పెద్దమ్మ కాలు జారి పడింది. తిరుపతి ఆసుపత్రిలో పది రోజులు పెట్టాం. నేను సెలవు పెట్టి పక్కనే ఉన్నాను. నాలుగో రోజు, దానితో ఒకసారి మాట్లాడతాను, ఫోన్ కలిపిస్తావా అని అడిగింది. ఆ ఇంట్లో ఒకటే ఫోన్, అది మామ జేబులో ఉంటుంది. చేశాను. నా గొంతు వినగానే బాగుండావా పాపా అన్నాడు, పెద్దమ్మకు ఎట్లుండాది అని అడిగాడు. అత్తకు ఇవ్వమన్నాను. పెట్టేశాడు. పెద్దమ్మ నా మొహం చూసి, "పోనీలే, దానికి పనుంటాది" అంది. మళ్లీ అడగలేదు. నేను బయటికి వచ్చి వరండాలో నిలబడ్డాను. ఒక పుస్తకం రాసి ఊరి మగవాళ్లకు బుద్ధి చెప్పానని పేరు తెచ్చుకున్న దాన్ని, ఒక ముసలాయన చేత ఫోన్ చేతులు మార్పించలేకపోయాను.

సోమవారం నేను పోయేసరికి పెద్దమ్మను వసారాలో పడుకోబెట్టి ఉన్నారు. మొగుడు ఉండగా పోయింది, పుణ్యాత్మురాలు అని వచ్చిన వాళ్లంతా అంటున్నారు. పెద్దనాయన గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరు ఏమడిగినా ఆమెనే అడగండి అన్నట్టు ఆమె వైపు చూస్తున్నాడు. నీళ్లు పోయడానికి ఇంకా గంట పడుతుందన్నారు. నేను చెప్పులు కూడా వేసుకోకుండా ఎగువ వీధికి పోయాను.

మామ తిన్నె మీద కూర్చుని ఉన్నాడు. ఎండ కాళ్ల మీదికి వచ్చినా కదలలేదు. అత్తను ఒక్కసారి పంపించమని అడిగాను. మొహం చూసి వచ్చేస్తుంది, నేను పక్కనే ఉండి తీసుకొస్తాను అన్నాను.

"కూచో పాపా" అన్నాడు. నేను కూర్చోలేదు. "అంబలి కుండ నెత్తిన పెట్టుకోని ఊరంతా తిరిగినా. నగినోళ్లు నగినారు. పెండ్లాం బతికింది, సాలు అనుకున్నా. ఆ సంగతి నాకు యాడ తెలిసింది? అంత మంది నగతా ఉంటే, మైకులో తెలిసింది."

తప్పు నాది, అత్తది కాదు, పెద్దమ్మది అంతకన్నా కాదు అన్నాను.

"అప్పుడే నాకు చెప్పింటే నేను వొద్దంటానా?" అన్నాడు. ఎండ పడిన కాళ్లు వెనక్కి లాక్కున్నాడు. "అంటానులే. ఆ వయసులో అంటాను."

నాకు ఆశ పుట్టింది. ఆయన మెత్తబడ్డాడనుకున్నాను. ఆయన తువ్వాలు తీసుకుని మొహం తుడుచుకుని, అయినా మాట మాటే అన్నాడు. నువ్వు పొయ్యి ఆడ పని చూసుకో, నేను వస్తాను, పాడె పట్టాలి కదా, మీ పెద్దనాయన ఒంటిగా ఉంటాడు అన్నాడు. అదేదో నాకు చేస్తున్న సాయంలాగా చెప్పాడు.

నేను వెనక్కు తిరిగాను. తిన్నె పక్క కిటికీ లోంచి పిలుపు వచ్చింది. అత్త చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి కళ్లు కనపడడం లేదు. ఆయన వినేటట్టే అడిగింది.

"నీళ్లు పోసినారా?"

ఇంకా లేదన్నాను.

"ఎడమ కాలి మెట్టె బిగువు పాపా దానికి. పెండ్లినాటిది. దూడ తొక్కినప్పుడు నేనే సబ్బు పెట్టి తీసినా. సబ్బు పెడితే గాని రాదు. లాగొద్దని చెప్పు వాళ్లకు."

మా ఇళ్లలో ముత్తైదువ పోతే పాడె మీద పెట్టే ముందు మెట్టెలు తీసి కోడలి చేతికి ఇస్తారు. నేను పరుగెత్తాను. ఈ వయసులో, ఆ ఎండలో, ఎంత పరుగెత్తగలనో అంత పరుగెత్తాను. గంట అన్నవాళ్లు, ఎండ ముదురుతుందని అప్పుడే నీళ్లు పోయడం మొదలుపెట్టేశారు. మెట్టెలు రెండూ వదిన చేతిలో ఉన్నాయి. ఎడమది రాలేదక్కా, ఇద్దరం పట్టి లాగితే వచ్చింది అని ఎవరో చెప్పారు. పెద్దమ్మ ఎడమ కాలి వేలు తోలు లేచిపోయి ఉంది. నేను అక్కడే కూర్చుని ఆ వేలికి పసుపు అద్దాను. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు.

మూడు గంటలకు ఎత్తారు. మామ వచ్చాడు. పాడెకు ముందు వైపు కుడి కొన ఆయనే భుజాన పెట్టుకున్నాడు. పలకలు వాయించే వాళ్లు ముందు, మగవాళ్లు వెనక, అందరూ ఊరి బయటికి పోయారు. మా వైపు ఆడవాళ్లు వెంట పోరు. వీధి చివర నీళ్లు చల్లి అందరూ ఎవరింటికి వాళ్లు పోతుంటే, నేను ఎగువ వీధికి పోయాను.

అత్త అదే కిటికీ దగ్గర ఉంది. మామ ఇంట్లో లేడు, కూతురు పెరట్లో ఉంది. ఇప్పుడు రావచ్చు కదత్తా, ఇంటికైనా వచ్చి కాసేపు కూర్చో అన్నాను.

"ఇంక యాడికి పాపా" అంది. తర్వాత అడిగింది. "మెట్టె వొచ్చిందా?"

"సబ్బు పెట్టినారత్తా. జారి వొచ్చేసింది."

"గీరుకోలేదు కదా?"

"లేదత్తా."

ఆమె తల ఊపింది. ఇంటికి పోయి తలకు పోసుకోమని నాకు చెప్పింది. నేను కదలలేదు, ఆమె కూడా కదలలేదు. దూరంగా పలకల చప్పుడు తగ్గుతూ తగ్గుతూ పోయి ఆగిపోయింది. ఆమె చువ్వలు పట్టుకుని ఖాళీ వీధి వైపు చూస్తూ నిలబడి ఉంది. ఆ పక్కనే వాకిలి తలుపు బార్లా తెరిచి ఉంది.